అంకాపూరు గ్రామ పరిశీలనము: అమ్మకము తెలిసిన సేద్యము

మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా భూగోళపు పంతులుగారు ఏటేట విద్యార్థులచేత ఒక పని చేయించెడివారు. ప్రతి బాలుడును తన ఊరి పటమును గీసి తేవలెను. చెరువు, గుడి, మసీదు, ఊరబావి, చెల్కలు, మడులు అన్నియు గీసి తెచ్చిన పిమ్మట ఆయన చేత ఎఱ్ఱ పెన్సిలు పుచ్చుకొని, "మీ ఊరి గింజ ఏ దారిన బయటికి పోవుచున్నదిరా? ఆ దారి గీయుము" అనెడివారు. మాలో పలువురకు ఆ దారి తెలియకుండెడిది. బండి ఊరు దాటువరకు మాత్రమే మేమెరుగుదుము. తరువాత దానిని ఎవరు కొనిరో, ఎవరు తూచిరో, ఎవరి వంటయింటికి చేరెనో మా తండ్రులకే తెలియదు, మాకెట్లు తెలియును?

ఇంత కాలమునకు ఆ ఎఱ్ఱగీత మరల జ్ఞాపకమునకు వచ్చినది. ఇటీవల ఒక సహకార సంఘపు సమావేశములో మేము దుంపకుళ్లు తెగులును గూర్చి చెప్పుచుండగా ఒక ముసలి సభ్యుడు లేచి, "అంకాపూరు మట్టి, మా మట్టి ఒక్కటే గదా సారూ. వాళ్లకు ఎల్లుతది, మాకెందుకు ఎల్లది?" అని అడిగెను. అప్పటికి ఏదో సమాధానము చెప్పితిమి కాని అది మాకే తృప్తి కలిగింపలేదు. అందుచేత అంకాపూరునకు పలుమార్లు పోయి, ఉదయముననుండి చీకటిపడువరకు కూర్చుండి చూచి, ఈ పాఠమును వ్రాయుచున్నాము. దీనిని పసుపు విత్తుటకు ముందే చదువవలెనని మా కోరిక.

మొదట చుట్టుపట్ల దేశమును చెప్పెదము. నిజామాబాదునుండి ఆర్మూరునకు పోవు పెద్దబాటమీద, ఆర్మూరునకు చేరువగా అంకాపూరు గలదు. ఆర్మూరు వెనుక ఉన్న నల్లని రాళ్ల గుట్టకు నవనాథ సిద్ధుల గుట్టయని పేరు. తొమ్మిదిమంది సిద్ధులు అచ్చట తపస్సు చేసిరనియు, ఆరును మూడును కలిసి తొమ్మిది యగుటచేత ఊరికి ఆర్మూరను పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. లెక్క సరిపోవుచున్నది, మిగిలినది వినువారి ఇష్టము. ఉత్తరమున గోదావరి ప్రవహించుచున్నది. పోచంపాడువద్ద శ్రీరామసాగరమునకు 1963 జులై 26వ తేదీన ప్రధానమంత్రి జవహరులాలు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. ఇంకను పైకి పోయినచో కందకుర్తివద్ద గోదావరితో మంజీరయు, హరిద్రయను మరియొక చిన్న నదియు కలియుచున్నవి. హరిద్రయనగా పసుపే. ఏరునకు పసుపు పేరు పెట్టుకొన్న జిల్లా మనది.

దక్షిణమున, పడమట నిజాంసాగరు కాలువలు పోయిన సీమలు గలవు. 1923లో మొదలిడి 1931లో ముగించిన ఆ ఆనకట్ట వరికిని చెఱకునకును ప్రసిద్ధి. ఆ చెఱకు కొఱకే 1937లో బోధనులో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. దానిని ఇచ్చట స్మరించుటకు కారణము గలదు, పిదప చెప్పెదము. ఆర్మూరు తట్టు అట్టి సమృద్ధియైన కాలువ నీరు మొదటినుండియు లేదు. ఎఱ్ఱ చెల్కలు, అక్కడక్కడ నల్లరేగడి, మోటబావులు, అనంతరము బోరులు: ఇవియే ఇచ్చటి రైతునకు ఆధారము. నీరు లెక్కకు వచ్చినది గనుక పైరును లెక్కించి వేయుట అలవాటయినది. మా యోచనలో అంకాపూరు పాఠమునకు పునాది ఈ కరవే. కడుపునిండ నీరున్న ఊళ్లు వరి తరువాత వరి వేసి ఊరకుండినవి.

ఇంక ఊరిలోనికి పోవుదము. తెల్లవారక మునుపే ఇంటింటి ఆడువారు చేలలో వంకాయ, బెండ, టమాట, మిరప, పచ్చి మక్కకంకులు కోసి గంపలకెత్తుదురు. కోసిన సరుకు ఊరి అంగడిలోనే దిగును. కొనువారు ఆ అంగడికే వత్తురు. గంపలవద్ద కూర్చుండి బేరమాడునది ఇంటి ఇల్లాలే. రూపాయి తక్కువకు అడిగినవానిని ఆమె పంపివేయును, సరుకు వాడిపోవు గడియ దగ్గరపడినపుడు ఆమెయే పిలిచి ఇచ్చును. ఏ దినమున ఏ కూరగాయకు ఎంత పలికినదో ఆమెకు నోటికి వచ్చును. మేము ఒక గంపవద్ద కూర్చుండి, "మీ ఇంటాయన ఏమి చేయుచున్నాడమ్మా?" అని అడుగగా, "చేన్ల నీళ్లు కడుతుండు. అమ్ముడు ఆయనకు రాదు సారూ, మొగమాటపడి ఇచ్చేస్తడు" అనెను. మేము నవ్వితిమిగాని ఆలోచించినకొలది ఆ మాటలో చాల సంగతి కనబడినది. మన ఊళ్లలో ఆడువారు నాటుదురు, కలుపు తీయుదురు, పసుపు విఱుతురు, ఇంటికి వచ్చి బీడీలు చుట్టుదురు. గంజుకు బండి పోవునపుడు మాత్రము వారు ఇంటివద్ద ఉందురు. సొమ్ము ఎంత వచ్చెనో మగవాడు చెప్పినదే లెక్క. అంకాపూరులో పండించిన చేతికే అమ్మకపు వెల తెలిసినది. మరుసటి కారులో ఏది వేయవలెనను ముచ్చట వచ్చినపుడు ఆ చేతికి మాట గలదు.

బాటప్రక్కన మక్కకంకులు కాల్చి అమ్ముట ఆ ఊరి గుర్తు. నాటుకోడి కూర మరియొక గుర్తు. కోడికి కోడి వండి, అన్నముతో కూడ గిన్నెలకెత్తి ఇచ్చుదురు. దూరపు పట్టణములవారు ముందుగా చెప్పి తెప్పించుకొందురు. కోడికూరతో వ్యవసాయ ప్రదర్శకునకేమి పనియని అడుగవచ్చును. పని గలదు. ఊరిలో పుట్టిన కోడి, ఊరిలో దంచిన కారము, పసుపు, ఊరి ఆడువారి వంట, అన్నియు కలిసి ఊరిలోనే అమ్ముడుపోవుచున్నవి. పచ్చి సరుకును తీర్చి అమ్మినచో ఎంత మిగులునో ఆ గిన్నె చూపుచున్నది.

పైరుల వరుసను చూడుడు. మృగశిర కార్తెలో వాన పడగానే పసుపు విత్తుదురు. ఆ పసుపులోనే అంతర పంటగా మక్క పెట్టుదురు. పసుపు నేల విడుచుటకు ఎనిమిది తొమ్మిది నెలలు పట్టును; మక్క మూడు నెలలకే పచ్చి కంకిగా చేతికి వచ్చును. పసుపు ఎరువుల అప్పులో కొంత భాగమును మక్కయే తీర్చును. మక్కను మిక్కిలి ఒత్తుగా పెట్టినచో పసుపునకు ఎండ తగులక దుంప ఊరదు. ఈ సంగతి చెప్పి చెప్పి మేము అలసిపోయితిమి. ఒట్టి మక్క వేసిన చేలలో, అది తీసిన పిమ్మట చలికారున ఎఱ్ఱజొన్న వేయుదురు. పసుపు త్రవ్విన చేలలో వేసవికి నువ్వులు చల్లుదురు. వీటి ప్రక్కన ప్రతి ఇంటికి నాలుగైదు గుంటలలో కూరగాయ ఉండవలసినదే. ఆ కూరగాయ వారమువారము సంత ఖర్చునకు సొమ్ము నిచ్చును గనుక పసుపును తొందరపడి అమ్మవలసిన అక్కర తగ్గును. సంతకు పైకము లేనివాడు ధర తెలిసికొన్నను ప్రయోజనము లేదు; అతడు ఆ దినమే అమ్మవలెను.

అంకాపూరునకు పేరు తెచ్చినది వీటికంటె విత్తన సేద్యము. మక్క, సజ్జ, ఎఱ్ఱజొన్న విత్తనములను పండించి, శుద్ధిచేసి, సంచులకెత్తి ఇతర రాష్ట్రములకు పంపుదురు. విత్తన శుద్ధి కేంద్రములు ఆ ఊరిలోను, చుట్టుప్రక్కలను పదులకొలది గలవు. ఇందులో సహకార సభ్యులు గమనింపవలసిన రహస్యమొకటి గలదు. సంకర మక్క విత్తనము పండించు చేనికి నాలుగు ప్రక్కల 200 మీటర్ల దూరములో వేరొక మక్క పూతకు రాగూడదు. వచ్చినచో దాని పుప్పొడి గాలికి ఎగిరి వచ్చి విత్తనమును చెఱచును. చేనిలో ఆడు సాళ్లు, మగ సాళ్లు వేరువేరుగా వేసి, ఆడు సాళ్ల మొక్కల తలపూతను పుప్పొడి రాలకమునుపే పెఱికివేయవలెను. ఒక్క దినము ఏమరినచో పంటయంతయు విత్తనముగా పనికిరాక గింజధరకు పోవును.

200 మీటర్లనగా ఎంత? రెండెకరముల, మూడెకరముల కమతములున్న చోట అది పదిమంది పొలములను దాటిపోవును. అనగా ఒక రైతు విత్తన మక్క వేయవలెనన్నచో, చుట్టునున్న పదిమంది అతనితో కలిసి అదే విత్తనము వేయవలెను, లేదా మక్క వేయక విడువవలెను. ఒంటరి రైతు ఎంత తెలివిగలవాడైనను ఈ పని చేయలేడు. అంకాపూరువారు వాడలవారీగా కూర్చుండి, ఈ తట్టు ఈ రకము, ఆ తట్టు ఆ రకము అని నిర్ణయించుకొని విత్తుట నేర్చిరి. సహకారమును గూర్చి మేము ఎన్నో ఉపన్యాసములు విన్నాము, కొన్ని చేసితిమి కూడ. పుప్పొడి చేసినంత ఉపదేశము ఏ ఉపన్యాసకుడును చేయలేదు.

అయినను ఈ విత్తన సేద్యములోనే మన ప్రాంతము గట్టి దెబ్బ తినెను. ఎఱ్ఱజొన్న మనము తిను జొన్న కాదు. ఉత్తర దేశమున, ఉత్తరప్రదేశము, హర్యానా, పంజాబు మొదలగు చోట్ల పశువుల మేతకై చల్లు విత్తనము. ఇచ్చట మన రైతు దానిని తినడు, మన అంగడిలో మరియెవ్వరును కొనరు. విత్తన వ్యాపారి కొన్నచో సరి, కొననిచో అది కల్లములోనే ఉండును. విత్తనము అతడే ఇచ్చును, ధర అతడే చెప్పును, పలుమార్లు నోటిమాటతోనే చెప్పును. బకాయిలు చెల్లింపక వ్యాపారి చేతులెత్తిన కారణమున 2008 జూనులో ఆర్మూరు వీధులలో రైతులు ఆందోళనకు దిగిరి; అది పోలీసు కాల్పులవరకు పోయెను. ఆ బకాయిలను 2014లో తెలంగాణ ప్రభుత్వము తన ఖజానానుండి చెల్లించెను. 2018లో మరల ధర పడిపోగా ప్రభుత్వము మార్కుఫెడ్ ద్వారా క్వింటాలు 2,300 రూపాయలకు కొనవలసివచ్చెను. మరుసటి ఏడు ఫిబ్రవరిలో మరల రైతులు రహదారిపై కూర్చుండిరి.

బోధను చెఱకు సంగతి చెప్పెదమంటిమి. ఆ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడెను. దాని నమ్మి చెఱకు నాటిన రైతు ఆ గడను ఎచ్చటికి తోలవలెను? పసుపును ఇంట దాచవచ్చును, చెఱకును దాచవీలు లేదు. నరికిన దినమునుండి ఎండి బరువు తగ్గుచుండును. ఎఱ్ఱజొన్న కథయు, చెఱకు కథయు ఒక్కటే. కొనువాడొక్కడే అయిన పైరును వేయుటకుముందు రైతు రెండుమార్లు ఆలోచింపవలెను. ఎఱ్ఱజొన్న వేయవద్దని మేము చెప్పము. చలికారున తక్కువ నీటితో, తక్కువ ఖర్చుతో వచ్చు పైరది. కాని వ్యాపారితో కాగితము వ్రాయించుకొనక వేయవద్దని మాత్రము గట్టిగా చెప్పుచున్నాము. ఆ కాగితములో క్వింటాలు ధర, తూకము ఎచ్చట జరుగునో, సొమ్ము ఎన్ని దినములలో చేతికి వచ్చునో, మొలక తక్కువయైనచో నష్టము ఎవరిదో, ఈ నాలుగును ఉండవలెను. ఒక్కొక్కరు వ్రాయించుకొనుటకంటె సంఘము పేర ఒక్కటే కాగితము వ్రాయించుట మేలు. ఒక రైతు బకాయిని ఎగవేయుట సులభము. సంఘపు బకాయిని ఎగవేసినవాడు మరుసటి ఏడు ఆ ఊరిలో విత్తనము పంచలేడు.

ఇప్పుడు మా తప్పొకటి చెప్పుకొనవలెను. 2010–11 సంవత్సరములలో పసుపు ధర ఎన్నడును లేనట్లు పెరిగి క్వింటాలు 15 వేల రూపాయలను దాటిపోయెను. అప్పుడు మేము ఉద్యోగమునకు క్రొత్త. ఊరూర తిరిగి, పసుపు నాటుడు, ఉన్న చెల్కలన్నియు పసుపు చేయుడు అని ప్రోత్సహించితిమి. మా మాట విని ఒక రైతు అప్పు తెచ్చి, విత్తన కొమ్మును అధిక ధరకు కొని, మూడెకరములు నాటెను. ఎకరమునకు పది క్వింటాళ్ల విత్తనము పట్టునని మీకు తెలియును. ఆ ఏడు విత్తనమునకే అతని అప్పు సగము పోయెను. పంట చక్కగా పండినది, తెగులు లేదు, దుంప బాగుగా ఊరినది. మేము ఆ చేనిని పదిమందికి చూపించి గర్వించితిమి. 2012లో అతడు పసుపును గంజుకు తెచ్చుసరికి ధర 5 వేల లోపునకు దిగియుండెను. మా వలెనే దేశమంతట ప్రదర్శకులు చెప్పియుందురు, దేశమంతట రైతులు నాటిరి. ఆ రైతు మమ్ము ఒక్క మాటయైన అనలేదు. తరువాత అతని కుమారుడు దుబాయి పోయెనని వింటిమి. పండించుట నేర్పితిమి కాని పంతులుగారి ఎఱ్ఱగీత సంగతి మరచితిమి.

పసుపు ధర బాధను ఈ జిల్లా రైతులు దేశమునకు విచిత్రమైన రీతిగా వినిపించిరి. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. అందులో 178 మంది రైతులే. ఒక్క పోలింగు కేంద్రములో ఓటు యంత్రపు పలకలు పండ్రెండు వరుసగా పెట్టవలసివచ్చెను. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించెను. 2025 జనవరి 14న, సంక్రాంతి దినమున, అది నిజామాబాదులో ఆరంభమయ్యెను. బోర్డు వచ్చుట మంచిది. ఎగుమతికి, పరిశోధనకు, క్రొత్త విత్తనములకు అది తోడ్పడవలెను. కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానము ముందే గలదు. దగ్గర ఉండియు అచ్చటికి పోని రైతులు మనలో ఎందరో గలరు. ఏ బోర్డు వచ్చినను మన కల్లములో మన పసుపును ఉడుకబెట్టునది మనమే గనుక ఇక ఆ సంగతికి వత్తము. ధర మన చేతిలో లేకపోవచ్చును. ఒకే దినమున, ఒకే గంజులో, ఒకే జాతి పసుపునకు రెండు కుప్పల నడుమ వేయి రెండువేల రూపాయల భేదము వచ్చుట మీరు చూచియుందురు. ఆ భేదము చాలవరకు కల్లములోనే పుట్టుచున్నది.

ఆకు పూర్తిగా ఎండి పడిపోయిన పిమ్మటనే త్రవ్వవలెను. త్రవ్విన దుంపను రెండు మూడు దినములకు మించి కుప్పగా ఉంచక ఉడికింపవలెను. తల్లి దుంపలను, అనగా మండను, కొమ్ములనుండి విఱిచి వేరుచేయవలెను. రెండింటిని ఒకే కడాయిలో వేయుట మన రైతులలో చాలమంది చేయు పొరపాటు. కొమ్ము ఉడికినపుడు మండ లోపల పచ్చిగా ఉండును. మండ ఉడుకువరకు ఉంచినచో కొమ్ము చితికి రంగు చెడును. వేర్వేరుగా ఉడికింపుడు. మన్ను లేకుండ కడిగి, దుంపలు మునిగి పైన మూడు నాలుగు వ్రేళ్ల ఎత్తు నీరు నిలుచునట్లు పోసి, పసుపు ఆకులతో గాని గోనెతో గాని కప్పి మంట పెట్టవలెను. ముప్పావు గంటనుండి గంటలోపల నురుగు పైకి పొంగును, తెల్లని ఆవిరి లేచును, పసుపు వాసన కల్లమంతయు నిండును. అప్పుడొక కొమ్మును తీసి వ్రేళ్లతో అదిమి చూడుడు, మెత్తగా దిగవలెను. మొద్దు పుల్లతో పొడిచినచో అడ్డులేక పోవలెను. అంతే చాలును. ఇంకొక గంట ఉంచిన మేలగునను భ్రమ వలదు. ఎక్కువ ఉడికిన పసుపు రంగు తగ్గును. తక్కువ ఉడికినది పెళుసుబారి, పుచ్చి, పురుగు పట్టును. ఇప్పుడు ఆవిరి యంత్రములు వచ్చినవి. కట్టెయు, నీరును, వేళయు కలిసివచ్చుచున్నవి. వేళ తగ్గినది గనుక యంత్రము నడుపువానిపై విడువక, మొదటి విడతను రైతు తానే అదిమి చూచుకొనవలెను.

ఎండబెట్టుటలో తొందర పనికిరాదు. ఉడికిన పసుపును శుభ్రమైన సిమెంటు కల్లముమీద గాని, చాపలమీద గాని మూడు వ్రేళ్ల మందమున పరుపుడు. మిక్కిలి పలుచగా పరచినచో పైరంగు వెలసిపోవును. సాయంకాలము కుప్పజేసి కప్పవలెను, మంచు తగులరాదు. పది పదునైదు దినములు పట్టును. విఱిచినపుడు లోహము మ్రోగినట్లు టక్కున శబ్దము వచ్చినచో ఎండినట్లు. తేమ నూటికి పది పాళ్లకు మించరాదు. నూరు కిలోల పచ్చి పసుపునకు సుమారు ఇరువది కిలోల ఎండు పసుపు వచ్చును. బరువు పోవుచున్నదని పచ్చిగానే సంచికెత్తు రైతులు కొందరు గలరు. కొనువాడు గుప్పిట పట్టగానే అది తెలిసికొని, కోత కోసి ధర కట్టును. బూజు పట్టినచో అదియును లేదు. పిదప పీపాలో వేసి త్రిప్పి మెఱుగు పెట్టవలెను. రంగు కొఱకు ఏ పొడియు కలుపరాదు. సీసము కలిసిన పచ్చరంగు పొడి విషము. పిల్లల మెదడును చెఱచును, నేరము కూడను. అట్టిది కలిపిన సరుకు విదేశపు రేవులో పట్టుబడినచో ఆ నింద జిల్లా పసుపంతటికిని తగులును.

ఇక అమ్మకము. నిజామాబాదు గంజు మన పెద్ద అంగడి. అందు నచ్చనివారు లారీలకెత్తి మహారాష్ట్రలోని సాంగ్లికి పోవుదురు. పోవచ్చును; కాని బాడుగ, హమాలీ, అడ్తి, అచ్చటి బసఖర్చు లెక్కవేసి పోవలెను. ఒక్కొక్క రైతు పది సంచులతో పోవుటకును, సంఘము ఒక లారీ నిండ ఒకే రకమును వేరుచేసి పంపుటకును చాల భేదము గలదు. తమిళదేశమున ఈరోడులో రైతుల సహకార అమ్మకపు సంఘములే పసుపు వేలములు నడుపుచున్నవి. నియంత్రిత మార్కెట్టు ఒక ప్రక్కను, సహకార సంఘములు మరియొక ప్రక్కను ఉండుటచేత రైతునకు రెండు మూడు వాకిళ్లు గలవు. ఆర్మూరు సీమలో అట్టి వాకిలి ఏల ఉండరాదు?

అంకాపూరు చేసినదంతయు మంచిదని మా అభిప్రాయము కాదు. ఈ జిల్లాలోని గ్రామాభివృద్ధి కమిటీల బలము మీరెరిగినదే. అంగడి జాగా ఏర్పరచుటకు, రోడ్లు, బడి బాగుచేయుటకు అట్టి కట్టుబాటు పనికివచ్చును. కాని కొన్ని ఊళ్లలో ఆ కమిటీలు జరిమానాలకును, కుటుంబములను వెలివేయుటకును పాల్పడినవి. అది చట్టవిరుద్ధము, అన్యాయము. సహకార సంఘములో సభ్యుడు తన ఇష్టముతో చేరును, లెక్కలు అడుగును, కాదనుటకు హక్కు గలవాడై యుండును. ఆ రెండు కట్టుబాట్లను ఒక్కటిగా చూడరాదు. నీటి విషయమునందును మాకు సందేహము గలదు. ఏడాది పొడవునా పైరు మీద పైరు వేయుచు బోరుమీద బోరు దింపుట ఎంతకాలము సాగును? కౌలుదారునకు, కూలివారికి ఈ లాభములో ఎంత అందుచున్నదో చూడగా, ఇంటికొక లెక్కగా నున్నది.

ఆ ముసలి సభ్యునకు ఇప్పుడు మేము చెప్పగలిగినది ఇంతే: మట్టి ఒక్కటే. వారు విత్తుటకు ముందే కొనువారిని వెదకుకొనుచున్నారు, ఒక కొనువాని మీద ఆధారపడక పలు సరుకులు పలు చేతులకు అమ్ముచున్నారు, ఇంటి ఆడువారిని అంగడికి తెచ్చినారు. ఈ ఏడు మన సంఘములు మూడు పనులైన మొదలిడవచ్చును. సంఘమునకొక తేమకొలుచు పనిముట్టు కొనుడు. దాని వెల పెద్దది కాదు. ఊరికొక ఆవిరి యంత్రమును, మెఱుగు పీపాను సంఘము పేర తెచ్చి వంతులవారీగా బాడుగకు ఇయ్యుడు. తొందరపడి అమ్మవలసిన సభ్యునకు గోదాము రసీదుమీద అప్పు ఇప్పించుడు. సంఘ సమావేశములలో స్త్రీలను సభ్యులుగా చేర్చుకొని ముందు వరుసను కూర్చుండబెట్టవలెనని వేరుగా వ్రాయనక్కరలేదు. గంపవద్ద మేము చూచినది చదివినవారికి అది తెలియును.

జనవరినుండి పసుపు త్రవ్వుట ఆరంభమగును. ఎవరి కల్లములో మొదటి కడాయి ఎక్కునో వారు రెండు దినములు ముందుగా సంఘ కార్యదర్శికి కబురు పంపవలెను. మేము వచ్చి కొమ్మును, మండను వేర్వేరుగా ఉడికించి, ఇరుగుపొరుగు రైతుల యెదుట విఱిచి చూపెదము. వచ్చువారు తమ ఇంటి పోయినేటి పసుపు నాలుగు కొమ్ములు కొంగున కట్టుకొని రావలెను. రెండింటిని ప్రక్కప్రక్కను పెట్టి చూతము.